రెండు రెక్కల నేరం

విమానం కూలిపోవడంలోనూ అంతస్తులున్నాయి. సర్కారు సొమ్ముతో పండితుడు కట్టింది కూలితే అది విజ్ఞానయాత్రలో ఒక మజిలీ. మోటారు సైకిల్ ఇంజనూ, బల్లచెక్కలూ, గుడ్డా కొనుక్కొచ్చి పెరట్లో ఒకడు కట్టుకున్నది కూలితే అది శాంతిభద్రతల సమస్య. మొదటిదానికి విచారణ సంఘం వేస్తారు. సంఘానికి ఫలహారాలు వస్తాయి, నివేదికకు గట్టి అట్ట వస్తుంది. రెండోదానికి తాఖీదు వస్తుంది. భూమ్యాకర్షణకు మాత్రం పాపం ఈ మర్యాదలేవీ తెలియవు. ఇద్దర్నీ ఒకే వేగంతో లాగుతుంది.

ఈ న్యాయం ఎంత నికార్సుగా నడిచిందో చూడాలంటే టాండెమ్ రెక్కల విమానం చరిత్ర చదవాలి. పైన ఒకటి, కింద ఒకటిగా రెక్కలుండే పాతకాలపు బైప్లేన్ కాదిది. ఒక రెక్క ముందు, ఒక రెక్క వెనక. రెండూ బరువు మోసేవే. పెరట్లో విమానం కట్టుకునే వాళ్లకు, అందులోనూ నాలుగు మూటలు ఎక్కించుకుందామనుకునే వాళ్లకు, వందేళ్లుగా ఈ ఏర్పాటు మీద మనసు పోతూనే ఉంది. కారణం పిచ్చి కాదు, లెక్క.

మామూలు విమానంలో పెద్ద రెక్క బరువంతా మోస్తుంది. వెనక తోకరెక్క ఏం చేస్తుందయ్యా అంటే, చాలా విమానాల్లో కిందికి నొక్కుతుంది. విమానం నిలకడగా ఎగరడానికి ఆ నొక్కుడు అవసరమే గానీ, దాని బరువు కూడా పెద్ద రెక్క నెత్తినే పడుతుంది. గుమాస్తా ఫైళ్లు మోస్తుంటే సూపరింటెండెంటు వెనక నుంచి భుజం మీద చెయ్యివేసి నడిచినట్టన్నమాట. టాండెమ్‌లో ఆ సూపరింటెండెంటు గారికి కూడా ఒక మూట ఇచ్చారు. పని ఇద్దరూ పంచుకున్నారు గనక రెక్కలు పొట్టివైనా చాలు, కారు షెడ్డులో పడతాయి. సరుకు రెండు రెక్కల నడుమ పెడితే బరువు ఇద్దరి మీదా పడుతుంది. ఖరీదు లేకుండా ఇదంతా రాదు. ముందు రెక్క చెదరగొట్టిన గాలిలో వెనక రెక్క బతకాలి. రెండింటి మధ్య ఎడం, ఎత్తు, కోణం కుదరకపోతే ఆ ఇద్దరి తగువు పైలట్ ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ముద్దాయిలను ఒక్కొక్కరినే పిలుద్దాం.

మొదటివారు శామ్యూల్ లాంగ్లీ. ముద్దాయి అన్నందుకు క్షమించాలి, ఆయన అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థకు అధిపతి. ఆయన విమానానికి రెక్కలు ముందొక జత, వెనకొక జత. అమెరికా యుద్ధ శాఖ 50,000 డాలర్లిచ్చింది. 1903 అక్టోబర్ 7న పోటోమాక్ నదిలో పడవ మీద నుంచి దాన్ని విసిరారు. నేరుగా నీళ్లలో పడింది. డిసెంబర్ 8న మళ్లీ విసిరారు. మళ్లీ నీళ్లలోనే పడింది. నడిపిన చార్లెస్ మాన్లీ ఈదుకుంటూ బతికి బయటపడ్డాడు. మొదటి మునక చూసిన న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది: నిజంగా ఎగిరే యంత్రం రావడానికి పది లక్షల నుంచి కోటి సంవత్సరాలు పట్టవచ్చని. రెండున్నర నెలలు కూడా పట్టలేదు. డిసెంబర్ 17న, ఇద్దరు సైకిల్ షాపు సోదరులు సొంత జేబులోని డబ్బుతో ఎగిరి చూపించారు. కోటి సంవత్సరాల జోస్యం చెప్పిన పత్రిక మర్నాడు కూడా యథాప్రకారం వెలువడింది. జోస్యానికి పూచీకత్తు అడిగే ఆచారం పత్రికారంగంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అసలు తమాషా ఆ తర్వాతది. పెద్దవాళ్ల విమానం ఎగరకపోవడం చరిత్రకు ఇబ్బంది. అందుకని 1914లో దాన్ని బయటికి తీశారు. ఎవరి చేతికిచ్చారు? రైట్ సోదరులతో పేటెంటు దావాలో ఉన్న గ్లెన్ కర్టిస్ చేతికి. ఆయన దానికి చాలా మార్పులు చేసి, నీటి మీద తేలే తెప్పలు కట్టి, కాస్త ఎగిరించాడు. తర్వాత మార్పులన్నీ ఊడదీసి, పాత రూపానికి తెచ్చి, మనిషిని మోస్తూ ఎగరగల సత్తా ఉన్న మొట్టమొదటి విమానం ఇదేనని బోర్డు రాసి మ్యూజియంలో పెట్టారు. ఒళ్లు మండిన ఆర్విల్ రైట్ 1928లో తన విమానాన్ని లండన్ మ్యూజియానికి పంపేశాడు. స్మిత్సోనియన్ తప్పు ఒప్పుకోవడానికి 1942 దాకా ఆగింది. ప్రపంచంలో మొదటి విమానం సొంత దేశానికి తిరిగొచ్చేసరికి 1948. ఆ ఏడాది మొదట్లోనే ఆర్విల్ పోయాడు. ఇంతా చేసి ఒక్క చట్టం రాలేదు, ఒక్క నిషేధం రాలేదు. రెండు రెక్కలు ముందూ వెనకా పెట్టడం ప్రమాదమని అప్పుడెవరూ అనలేదు. అధిపతి గారి రెక్కలు కదా!

రెండో ముద్దాయికి సంస్థ లేదు, అధికారం లేదు. పేరు అన్రీ మిన్యే, ఊరు ఫ్రాన్స్. పెద్ద ఇంజనీర్లు విమానాన్ని మామూలు జనానికి దూరం చేశారని ఆయన మంట. 1933 సెప్టెంబర్‌లో ఆయన సొంతంగా కట్టిన హెచ్ఎమ్-14 ఎగిరింది. రెక్కల పొడవు ఆరు మీటర్లు. ఇంజన్ బలం 17 హార్స్‌పవర్. కాళ్లకు పెడళ్లు లేవు, చేతికి ఒక్క కర్ర. వెనక్కి లాగితే ముందు రెక్క మొత్తంగా కోణం మార్చుకుంటుంది, పక్కకు వంచితే వెనక చుక్కాని తిరుగుతుంది. దానికి పూ-ద్యు-సియెల్ అని పేరు పెట్టి, ఎలా కట్టాలో 1934లో పుస్తకం రాసేశాడు. చెక్కపెట్టెకు మేకులు కొట్టగల ప్రతివాడూ విమానం కట్టుకోగలడన్నది ఆయన ధోరణి. కట్టుకోగలడు, నిజమే. కట్టుకున్నాక ఏమవుతుందన్నదే తర్వాతి అధ్యాయం.

అయ్యలారా, ఇక్కడ ఇంగ్లండు పెద్దమనుషుల ఘనకార్యం చెప్పాలి. ఎయిర్ లీగ్ అనే సంఘం వాళ్లు ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి దింపారు, వేలకొద్దీ అమ్ముడుపోయింది. 1935 ఆగస్టులో మిన్యే స్వయంగా తన విమానంలో ఇంగ్లిష్ ఛానెల్ దాటి వచ్చాడు. ఊరూరా షెడ్లలో సుత్తుల మోత మొదలైంది. డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఒక విమానాన్ని వెనకేసుకొచ్చింది. ప్రభుత్వం ఏం చేసింది? ఈ విమానాలకు మామూలు యోగ్యతాపత్రం అక్కర్లేదంది. "ఎగరడానికి అనుమతి" అని ఓ కొత్త కాగితం పుట్టించింది. దానికి ముఖ్యమైన షరతు మూడో పక్షానికి బీమా. అంటే పడితే కిందనున్న వాడి ఇంటి పెంకులకు డబ్బు రావాలి. పైనున్న వాడి పుర్రె సంగతి ఆ కాగితానికి అక్కర్లేదు. పరిపాలన అంటే ఇదీ! రెక్క మీద ఒక్క పరీక్ష లేదు, పెంకు మీద మాత్రం పూర్తి శ్రద్ధ.

1936 వసంతంలో చావులు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు, అందరిదీ ఒకే తీరు. విమానం ముక్కు వాల్చుతుంది, మరి లేవదు. కొత్త కుర్రాళ్లే కాదు, వాయుసేనలో పనిచేసిన అనుభవజ్ఞులు కూడా అలాగే పోయారు. మనుషులు పోతుండగానే ఆ ఆగస్టులో రామ్స్‌గేట్‌లో వీటికి పందెం పెట్టి, గెలిచిన వాడికి ట్రోఫీ ఇచ్చారు. శవయాత్రకూ ఊరేగింపుకూ అదే బ్యాండు మేళం అన్నమాట.

ఎట్టకేలకు ఎవరికో బుద్ధి పుట్టి, ఫ్రాన్స్‌లో షలే-ముదోఁ, ఇంగ్లండులో ఫార్న్‌బరో గాలి సొరంగాల్లో నిలువెత్తు విమానాన్నే పెట్టి చూశారు. అప్పుడు తెలిసింది. ముందు రెక్క వెనక అంచు, వెనక రెక్క ముందు అంచు మరీ దగ్గరగా ఉన్నాయి. పైలట్ ముక్కు లేపుదామని కర్ర లాగితే ముందు రెక్క వెనక అంచు కిందికి దిగి సందు ఇరుకవుతుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి జోరుగా వెనక రెక్క మీదుగా పారుతుంది. దాంతో వెనక రెక్కకు బలం పెరిగి తోక లేస్తుంది, ముక్కు ఇంకా దిగుతుంది. సుమారు 15 డిగ్రీలకు మించి వాలిందంటే కర్ర కడుపుకు ఆనేదాకా లాగినా ముక్కు లేవదు. బతుకుదామని చేసే పనే చంపుతుందన్నమాట. ఆ పైన చాలామంది మిన్యే చెప్పిన చిన్న ఇంజన్ వదిలేసి బరువైనవి బిగించారు, బరువుల లెక్క తారుమారు చేశారు.

ఈ పరీక్ష చావులకు ముందు చేయొచ్చా? చేయొచ్చు. సొరంగాలున్నాయి, లెక్కలు వచ్చినవాళ్లున్నారు. పుస్తకం అచ్చు వేసిన సంఘం అడగలేదు, డబ్బు పెట్టిన పత్రిక అడగలేదు, కాగితం ఇచ్చిన శాఖ అడగలేదు. మిన్యే కూడా అడగలేదు. తాను ఎగరగలిగాను గనక అందరూ ఎగరగలరనుకున్నాడు. ఆవిష్కర్తలకు అంటుకునే అతి పాత జబ్బు అది. ఫలితాలు రాగానే అందరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. పొగిడిన పత్రికలు మృత్యువాహనమన్నాయి. అనుమతులిచ్చిన శాఖ అనుమతులు ఆపేసింది. చేతులు కడుక్కోవడానికి ఆ దేశంలో నీళ్లకు ఎన్నడూ కరువు లేదు.

గమనించండి, సొరంగం చెప్పింది "రెండు రెక్కలు నేరం" అని కాదు. "ఈ ఎడం చాలదు" అని. సందు పెంచి, కోణాలు సరిచేసి, గరిమనాభికి, అంటే బరువు నిలిచే చోటుకు, హద్దులు పెట్టి, ఆ హద్దులు పాటిస్తే కుదిరే జబ్బు అది. కానీ లోకం విన్నది మొదటి మాటే. ఎడం కొలవడం కష్టం, పేరు పెట్టి తిట్టడం తేలిక.

మూడో ముద్దాయి మీద ఏ నేరారోపణా లేదు, అందుకే ఆయన పేరు మీరు విని ఉండరు. ఎమీలియాఁ క్రోజ్, ఫ్రాన్స్‌లో మాకాన్ ప్రాంతం. మిన్యే ఆలోచనలో ఉన్న మంచిని ఉంచుకుని, చెడ్డను సరిదిద్దుతూ ఏళ్ల తరబడి ఒకదాని తర్వాత ఒకటి కట్టాడు. 1965లో ఆయన క్రికే ఎగిరింది. పక్కపక్కనే ఇద్దరు కూర్చునే టాండెమ్ రెక్కల విమానం. ఆ వరసలోనే పారాస్-కార్గో అని తేలికపాటి సరుకు విమానం కూడా వచ్చింది. మృత్యువాహనం అనిపించుకున్న ఏర్పాటుతోనే సరుకు మోసే బండి తయారైందన్నమాట! దీనికి ఏ పత్రిక కోటి సంవత్సరాల సంపాదకీయం రాసింది? ఏ సంఘం ట్రోఫీ పెట్టింది? ఎవరూ లేరు. ఓపికగా తప్పు దిద్దుకున్నవాడు వార్త కాడు. వార్త కావాలంటే చంపాలి, లేదా చావాలి. ఆ రెండూ చేతకాని వాడికి చరిత్రలో ఒక అడుగు నోటు దక్కితే గొప్ప.

సరే, విమానం కుదిరింది, సరుకు ఎక్కింది. ఇప్పుడు చట్టం గారు ప్రవేశిస్తారు. ఇంట్లో విమానం కట్టుకునే వాళ్లకు స్వర్గమని పేరున్న అమెరికానే తీసుకోండి. అక్కడ సగానికి పైగా పని స్వయంగా చేసి, చదువు కోసమో సరదా కోసమో కట్టానని చూపిస్తే "ప్రయోగాత్మకం" అని పత్రం ఇస్తారు. ఎక్కేచోట ఆ మాట కనబడేలా రాయాలి. మామూలు విమానాలకుండే భద్రతా నిబంధనలకు ఇది లోబడదని లోపల ఒక పలక తగిలించాలి. ఇంకో నియమం: కిరాయికి మనుషులనూ మోయకూడదు, సరుకునూ మోయకూడదు. అంటే మీ విమానంలో మీ బావమరిది మామిడిపళ్ల బుట్ట ఊరికే వేసుకెళ్లొచ్చు. బుట్టకు రూపాయి పుచ్చుకున్నారా, నేరం. మీరే కట్టిన సరుకు విమానం సరుకు మోయొచ్చు, బతుకుతెరువు మోయకూడదు.

ఇందులో న్యాయం లేకపోలేదు. డబ్బిచ్చి ఎక్కేవాడు రెక్క తట్టి చూసి ఎక్కడు; అతని తరఫున ఎవరో ఒకరు చూసి ఉండాలి. కానీ మనిషి ప్రాణానికి పెట్టిన తాళమే మామిడిపళ్లకూ వేశారు చూశారా, అదీ శాసనకర్తల సమదృష్టి. బుట్ట అదే, బరువు అదే, గాలి అదే. రూపాయి చేతులు మారగానే రెక్కకు నీరసం వస్తుందేమో, ఈ రహస్యం ఏ గాలి సొరంగమూ ఇంతవరకు కనిపెట్టలేదు. అసలు అడగాల్సింది "డబ్బు తీసుకున్నావా" అని కాదు, "ఏ బరువుతో, ఎక్కడ పెట్టి, ఎన్ని గంటలు పరీక్షించావు" అని.

పేదవాడి సరుకుకు ఇన్ని షరతులు పెట్టిన లోకం, ఇదే రెక్కల ఏర్పాటుకు ఎక్కడ దండ వేసిందో చెప్పనా? స్విచ్‌బ్లేడ్ అని అమెరికా కంపెనీ ఎయిరోవైరన్‌మెంట్ చేసే ఆయుధం ఉంది. గొట్టంలోంచి వదిలితే మడత విప్పుకునే రెక్కలు ముందొక జత, వెనకొక జత. గాలిలో తిరిగి, గురి చూసి, ముక్కు కిందికి దించి వెళ్లి పేలుతుంది. 2022లో అమెరికా వీటిని ఉక్రెయిన్‌కు పంపింది. టాండెమ్ రెక్కల విమానం ముక్కు దించి లేవకపోవడం మిన్యే చేతిలో లోపం. ఆయుధ కంపెనీ చేతిలో అదే సుగుణం. పెరట్లో వడ్రంగి చేస్తే నిషేధం, అదే ఆకారం బాంబు మోస్తే కాంట్రాక్టు. మామిడిపళ్లు మోస్తానన్న రెక్కకు పలక తగిలించారు, మందుగుండు మోసే రెక్కకు బడ్జెట్ తగిలించారు.

పరాయి దేశాలను దులిపేశాం, ఇక మన ఇంటి సంగతి. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. టాండెమ్ కాదు, మామూలు రెక్కలదే. 2016లో మేకిన్ ఇండియా సంబరంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. ఫొటోలు దిగినవాళ్లకు లెక్కే లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం 2017 చివరికి గానీ రాలేదు. వచ్చాక దానికి వీటీ-ఎన్‌ఎమ్‌డీ అని పేరు. ఆ అక్షరాలు ప్రధాని, అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి పేర్లలోవని ఆయనే చెప్పుకున్నాడు. కృతజ్ఞత తప్పేం కాదు, ఆయన్ను అనడం లేదు. విమానం లేవాలంటే రెక్క కింద గాలి ఉంటే చాలదు, పైన పెద్దల చెయ్యి కూడా ఉండాలని ఒక మనిషి చేత అనిపించిన వ్యవస్థను అంటున్నాను. పరీక్షించి సరే అనో కాదనో చెప్పాల్సిన చోట, దయతలచే చోటు తయారైంది.

దయతో పాటు మనకు పురాణగర్వం కూడా దండిగా ఉంది. మన పూర్వులకు విమానాలుండేవని 2015లో ఏకంగా భారత సైన్స్ కాంగ్రెస్‌లో ప్రసంగించారు. ఆధారం వైమానిక శాస్త్రం అనే పుస్తకం. ఆ పుస్తకాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 1974లోనే కూర్చుని చదివి, బొమ్మలు చూసి, లెక్కలు వేసి చెప్పారు: పుస్తకం 20వ శతాబ్దపు మొదటి పాదంలో పుట్టింది, అందులోని విమానాలేవీ ఎగిరేవి కావు. లెక్క వేసినవాళ్లకు సభ లేదు. లెక్క వేయనివాళ్లకు నలభై ఏళ్ల తర్వాత కూడా మైకు ఉంది.

మన తెలుగు టీవీల వాళ్లు, యూట్యూబ్ వాళ్లు తక్కువ తిన్నారా? ఏ పల్లెలో కుర్రాడు పాత ఇంజన్‌కు ఫ్యాను బిగించినా, "పల్లె నుంచి ఎగిసిన రైట్ సోదరుడు" అని వాయిద్యాలు. నాయకుడు శాలువా కప్పుతాడు, విలేఖరి మైకు పెట్టి "ఇప్పుడు మీ ఫీలింగ్ ఏంటి?" అంటాడు. గరిమనాభి ఎక్కడుందని ఒక్కడూ అడగడు. అడిగితే కుర్రాడు నొచ్చుకుంటాడేమోనని మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు 1936లో ఇంగ్లండు చెల్లించింది. తర్వాత ఏదైనా జరిగితే అదే చానెల్ "అనుమతి లేని విమానం, అధికారులు ఏం చేస్తున్నారు?" అని రెండో కార్యక్రమం వేస్తుంది. ఒకే కుర్రాడి మీద రెండు కార్యక్రమాలు, రెండింటికీ ప్రకటనలు.

నా తీర్పు ఇది. ఇంట్లో విమానం కట్టేవాడికి శత్రువులు ఇద్దరు: చూడకుండా పొగిడేవాడు, చూడకుండా ఆపేవాడు. వీళ్లిద్దరూ అన్నదమ్ములే, మనిషిని బట్టి దండో తాఖీదో పట్టుకుని బయల్దేరతారు. కట్టేవాడికి స్నేహితుడు ఒక్కడే: కొలిచేవాడు. వాడి మాట చేదుగా ఉంటుంది, ప్రాణం నిలబెడుతుంది.

కనక పాఠక మహాశయా, మీ ఊళ్లో ఎవరైనా సరుకు విమానం కట్టానంటే పూలదండ తీసుకెళ్లకండి, ఫిర్యాదు కాగితం తీసుకెళ్లకండి. మూడు కాటాలు తీసుకెళ్లండి. మూడు చక్రాల కింద మూడూ పెట్టి, ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి, బరువు ఎక్కడ నిలుస్తోందో లెక్క కట్టి ఆ అంకె ఆ కుర్రాడి చేతికే ఇవ్వండి. అంకె తప్పితే ఎగరొద్దని వాడి ముఖం మీదే చెప్పండి. అంకె కుదిరితే అది మొదటి పరీక్ష మాత్రమేనని చెప్పి, రెండోదానికి దగ్గరుండి సాయం చేయండి.